మోటార్‌సైకిల్ యాక్సిడెంట్ చార్టు: కోడ్ వెతికే ముందు బండి ఎలా పడిందో చదవండి

హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ చార్టులు కోడ్ చేయడం (డాక్టర్ రాసిన గాయాలు, చికిత్సలను ఇన్సూరెన్స్ బిల్లు కోసం కోడ్లుగా మార్చడం) మీరు మొదలుపెట్టి ఎనిమిది నెలలైందన్నారు. మిగతావన్నీ బాగానే వెళ్తున్నా మోటార్‌సైకిల్ యాక్సిడెంట్ చార్టు వస్తే మాత్రం ఆడిట్‌లో దెబ్బ తగులుతోందని, పోయిన వారం ఒక్క చార్టులోనే మూడు ఎర్రర్లు పడ్డాయని, కచ్చితత్వం 95 శాతం కిందికి జారిపోతానేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. ఆ మూడూ ఇవి: కారు తగలకపోయినా కారు గుద్దినట్టు కోడ్ వేశారు, ఓపెన్ ఫ్రాక్చర్‌కి (గాయం విరిగిన ఎముక దాకా వెళ్లినది) కోడ్ చివర ఉండే ఏడో అక్షరం ‘ఏ’ వేశారు, రెండు గాయాలకు వేసిన కుట్లను విడివిడిగా రెండు సార్లు బిల్లు చేశారు.

నేను ఈ పనిలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లు ట్రామా చార్టులే. మీరు చేసిన మూడు తప్పులూ నేనూ చేశాను, మా టీమ్‌లోకి వచ్చిన దాదాపు ప్రతి ఒక్కరూ చేశారు. మూడూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి కానీ వాటి మూలం ఒక్కటే. చార్టు తెరవగానే కిందికి స్క్రోల్ చేసి ఫైనల్ ఇంప్రెషన్ (డాక్టర్ తుది నిర్ధారణ) చూస్తున్నారు. ‘టిబ్-ఫిబ్ ఫ్రాక్చర్, మల్టిపుల్ లాసరేషన్స్, మోటార్‌సైకిల్ యాక్సిడెంట్’ అన్న మూడు ముక్కలు (కాలి రెండెముకలు విరిగాయి, చర్మం పలుచోట్ల చీలింది, బండి ప్రమాదం) పట్టుకుని కోడ్లు వెతికే సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్‌లోకి వెళ్లిపోతున్నారు. జ్వరం చార్టులోనో కడుపునొప్పి చార్టులోనో ఇది కొంతవరకు నడుస్తుంది. బండి మీద నుంచి పడ్డ మనిషి చార్టులో నడవదు. అక్కడ ముందు అంబులెన్స్ వాళ్ల రన్ షీట్, తర్వాత ట్రయాజ్ నర్స్ నోట్, తర్వాత డాక్టర్ రాసిన హిస్టరీ, ఆ తర్వాత ఎక్స్‌రే, సీటీ రిపోర్టులు, చివర ప్రొసీజర్ నోట్ చదవాలి. బండి ఎటు వెళ్తోంది, దేనికి తగిలింది, మనిషి ఎటువైపు పడ్డాడు అన్న బొమ్మ కళ్లముందు కట్టాకే కోడ్ వెతకాలి. మొదట్లో ఒక్కో చార్టుకి నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. నెల తిరిగేసరికి ఆ తేడా పోతుంది.

మీ మొదటి ఎర్రర్ చూద్దాం. చార్టులో డాక్టర్ రాసిన వాక్యం మీరే పంపారు. ఎదురుగా కారు అడ్డం వచ్చింది, దాన్ని తప్పించబోయి పేషెంట్ ‘లెయిడ్ ద బైక్ డౌన్’ అని ఉంది. మీకు ‘కారు’ అన్న మాట కనిపించింది, వి23 వేసేశారు. (ఐసీడీ-10 అనే జబ్బులు, గాయాల కోడ్ల పుస్తకంలో వి20 నుంచి వి29 దాకా మోటార్‌సైకిల్ ప్రమాదం ఎలా జరిగిందో చెబుతాయి, వి23 అంటే కారుకి తగిలినది.) కానీ ఆ అమెరికన్ మాటకు అర్థం బండిని రోడ్డు మీద పడుకోబెట్టేశాడని. గుద్దుకోకుండా ఉండేందుకు కావాలని పడేసినా, అదుపు తప్పి పడిపోయినా అక్కడి రైడర్లు ఈ మాటే వాడతారు. కారుకి తగల్లేదు, దేనికీ తగల్లేదు. అంటే ఢీకొనని ప్రమాదం, వి28. నడిపేవాడు, పబ్లిక్ రోడ్డు, చికిత్స జరుగుతున్న దశ కాబట్టి వి28.49ఎక్స్‌ఏ.

ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. ‘టీ-బోన్డ్’ అంటే ఒక వాహనం వచ్చి ఇంకోదాన్ని పక్క నుంచి గుద్దడం. ‘లో-సైడ్’ అంటే మలుపులో బండి లోపలి వైపుకి జారిపోవడం, ‘హై-సైడ్’ అంటే మనిషిని బయటి వైపుకి ఎగరేసి పడేయడం. జింక ఎదురొచ్చిన చార్టులు చాలా వస్తాయి. జింకను గుద్దితే వి20. జింకను తప్పించబోయి గార్డ్‌రైల్‌ని గుద్దితే వి27, ఎందుకంటే తగిలింది కదలని వస్తువుకి. జింకను తప్పించబోయి ఉత్తినే పడితే వి28. మూడింటిలోనూ జింక ఉంది, కోడ్ మాత్రం మూడు రకాలు. తగిలింది దేనికి అన్నదే ప్రశ్న. సైకిల్‌కి తగిలితే వి21, ఇంకో టూ-వీలర్‌కో త్రీ-వీలర్‌కో అయితే వి22, కారు, పికప్, వ్యాన్ అయితే వి23, లారీ, బస్సు అయితే వి24. ఏమీ తెలియకపోతేనే వి29లోకి వెళ్లాలి. రన్ షీట్ చదవకుండా వి29.99 వేసి వదిలేసే అలవాటు మా ఫ్లోర్‌లో చాలామందికి ఉంది. అది కోడింగ్ కాదు, చార్టు వదిలించుకోవడం.

ఇంకో సంగతి. ట్రామా నోట్‌లో ‘ఎంసీసీ’ అని ఉంటే అది మోటార్‌సైకిల్ క్రాష్. ఇన్‌పేషెంట్ నుంచి వచ్చినవాళ్లు దాన్ని మేజర్ కాంప్లికేషన్ అనుకుని డీఆర్‌జీ (ఆసుపత్రికి చెల్లించే డబ్బును నిర్ణయించే గ్రూపు) లెక్కలోకి వెళ్లిపోవడం నేను చూశాను.

నాలుగో స్థానంలో ఉండే అంకె బండి మీద మనిషి ఎక్కడున్నాడో చెబుతుంది. రోడ్డు మీద నడిపేవాళ్లయితే 4, వెనక కూర్చున్నవాళ్లయితే 5, ఎవరో రాయకపోతే 9. పార్కింగ్ లాట్, ఇంటి డ్రైవ్‌వే లాంటి చోట్లయితే అవే వరసగా 0, 1, 2. ఎక్కడ జరిగిందో రాయకపోతే పబ్లిక్ రోడ్డు మీదే జరిగినట్టు తీసుకోమని పుస్తకమే చెబుతుంది. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. 2015 అక్టోబర్‌లో అమెరికాలో ఐసీడీ-10 మొదలైన కొత్తలో ఒక చార్టు వచ్చింది. పేషెంట్ ఆడమనిషి, ‘భర్తతో కలిసి మోటార్‌సైకిల్ మీద వెళ్తుండగా’ అని డాక్టర్ రాశాడు. నేను రెండో ఆలోచన లేకుండా ప్యాసింజర్ వేశాను. మా ఊళ్లో భార్యాభర్తలు బండి మీద వెళ్తే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది నేను అడగాల్సిన ప్రశ్నే కాదు కదా. ఆడిటర్ నా ముందు రన్ షీట్ తెరిచి చూపించారు. అందులో ‘ఆపరేటర్’ అని ఆవిడ పేరు పక్కనే ఉంది. బండి నడిపింది ఆవిడే, భర్త వెనక కూర్చున్నాడు. మనం రోజూ చూసే రోడ్డు మన కళ్లలో ఉంటుంది, చార్టులో ఉన్న రోడ్డు వేరు. ఆ రోజు నుంచి నేను రాయని చోట ఊహించడం మానేశాను.

బండి ఏ రకమన్నదీ చూడండి. స్కూటర్, మోపెడ్, సైడ్‌కార్ ఉన్న బండి అన్నీ మోటార్‌సైకిలే. 2022 అక్టోబర్ 1 నుంచి ఎలక్ట్రిక్ సైకిల్‌కి విడిగా కోడ్లు వచ్చాయి, అందుకే వి23.4 అన్నది 41, 49గా విడిపోయింది. 41 ఎలక్ట్రిక్ సైకిల్, 49 మిగతా మోటార్‌సైకిళ్లు. పాత నోట్సు చూసి వి23.4ఎక్స్‌ఎక్స్‌ఏ వేస్తే ఇప్పుడు క్లెయిమ్ వెనక్కి వస్తుంది. డర్ట్ బైక్ మీద పొలంలోనో అడవిలోనో పడితే అసలు ఈ వరసే కాదు, వి86కి వెళ్లాలి. అన్నట్టు మన ఆటో వి30 నుంచి వి39 మధ్య ఉంటుంది, మోటార్ రిక్షా అని పుస్తకంలోనే ఉంది.

ఈ వి కోడ్ ఎలాగూ మొదటి స్థానంలో ఉండదు, దేశమంతటా తప్పనిసరి కూడా కాదు, మరి ఎందుకింత పట్టింపు అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. కొన్ని రాష్ట్రాలు, కొందరు పేయర్లు (బిల్లు కట్టే ఇన్సూరెన్స్ సంస్థలు) తప్పనిసరి చేశారన్నది ఒక జవాబు. కానీ అసలు సంగతి డబ్బు ఎవరు కట్టాలన్నది. మిషిగన్ చార్టులు చేస్తున్నానన్నారు కాబట్టి ఆ రాష్ట్రం సంగతే చెబుతాను. అక్కడి నో-ఫాల్ట్ చట్టంలో (తప్పు ఎవరిదైనా వాహన ఇన్సూరెన్స్ వైద్య ఖర్చు కట్టాలనేది) మోటార్‌సైకిల్‌ని మోటార్ వాహనంగా లెక్కించరు. కారో లారీయో ప్రమేయం ఉంటే ఆ వాహనం ఇన్సూరెన్స్ నుంచి రైడర్ వైద్య ఖర్చులు రావచ్చు. బండి ఒంటరిగా పడితే ఆ దారి లేదు, మామూలుగా హెల్త్ ఇన్సూరెన్స్ మీదికి వెళ్లాలి. వి23కీ వి28కీ తేడా అక్కడ తెలుస్తుంది. కారు తగలకపోయినా దాని వల్లే పడ్డాడా అన్నది అడ్జస్టర్లు, లాయర్లు (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు పరిశీలించేవాళ్లు, వకీళ్లు) తేల్చుకుంటారు, అది మన పని కాదు. కానీ మనం వేసిన కోడ్ ఒకటి, డాక్టర్ నోట్ ఇంకొకటి చెబితే మాత్రం క్లెయిమ్ ఆగిపోతుంది. అసలు కోడే వేయకపోతే యాక్సిడెంట్ వివరాలు నింపి పంపమని పేయర్ నుంచి పేషెంట్ ఇంటికి ఉత్తరం వెళ్తుంది. కాలికి రాడ్ వేయించుకుని మంచం మీద ఉన్న మనిషి ఆ ఫారం నింపాలి. నింపేదాకా ఆసుపత్రికి డబ్బు రాదు, ఆయనకు బిల్లు మీద బిల్లు వస్తుంది.

స్థలం, స్టేటస్ కోడ్ల గురించి రెండు మాటలు చాలు. వై92 (ఎక్కడ జరిగింది), వై99 (అప్పుడు ఉద్యోగ పనిలో ఉన్నాడా లేదా) మొదటి చికిత్స ఎన్‌కౌంటర్‌లో ఒక్కసారే వేస్తాం, వి కోడ్ మాత్రం గాయానికి చికిత్స జరుగుతున్నంత కాలం తగిన ఏడో అక్షరంతో వెంట ఉంటుంది. స్థలం రాయకపోతే వై92.9 వేయకండి, వదిలేయండి. ఫుడ్ డెలివరీకి వెళ్తూ పడ్డాడని రాసి ఉంటే వై99.0 మర్చిపోకండి, అది వర్కర్స్ కాంపెన్సేషన్ కేసు కావచ్చు.

ఇక రెండో ఎర్రర్. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే పేషెంట్‌కి తగిలిన దెబ్బ ఎంత పెద్దదన్నది ఆ ఒక్క అక్షరంలో ఉంటుంది. మీ చార్టులో కుడి కాలు, టిబియా (మోకాలి కింది పెద్ద ఎముక) షాఫ్ట్, ముక్కలు ముక్కలైంది, స్థానం తప్పింది. ఎస్82.251 సరిగ్గానే పట్టుకున్నారు. దాని పక్కనున్న సన్న ఎముక ఫిబులాకి ఎస్82.451 విడిగా వేశారు, అదీ సరే. చివర ‘ఏ’ వేశారు. మొదటిసారి వచ్చాడు కాబట్టి ‘ఏ’ అనుకున్నారు. ఫ్రాక్చర్‌లో ‘ఏ’ అంటే క్లోజ్డ్ ఫ్రాక్చర్, చికిత్స జరుగుతున్న దశ. ఓపెన్ అయితే బి గానీ సి గానీ. ముంజేయి, తొడ ఎముక, మోకాలి కింది కాలు, అంటే ఎస్52, ఎస్72, ఎస్82, ఈ మూడింటిలో ఓపెన్ ఫ్రాక్చర్ తీవ్రతను చెప్పే గస్టిలో వర్గీకరణ చూడాలి. టైప్ 1, 2 అయితే బి. టైప్ 3ఏ, 3బి, 3సి అయితే సి. ఓపెన్ అని మాత్రమే రాసి టైప్ రాయకపోతే బి.

గస్టిలో, ఆండర్సన్ అనే సర్జన్లు 1976లో ఈ లెక్క పెట్టారు, 1984లో మూడో టైప్‌ని మూడుగా విడగొట్టారు. సుమారుగా చెప్పాలంటే ఒక సెంటీమీటర్ లోపు శుభ్రమైన గాయం టైప్ 1, అంతకు మించి ఉండి కండ పెద్దగా చితకనిది టైప్ 2. కండ బాగా చితికితే 3ఏ, ఎముకను కప్పడానికి వేరే చోటి నుంచి కండ తెచ్చి వేయాల్సి వస్తే 3బి, బాగు చేయాల్సిన రక్తనాళం తెగితే 3సి. ఇది మీకు అర్థం కావడానికి చెబుతున్నాను, కొలతలు చూసి మీరే టైప్ నిర్ణయించడానికి కాదు. అది డాక్టర్ రాయాలి. ఇంకా ముఖ్యమైనది, ‘ఫ్రాక్చర్ మీద లాసరేషన్ ఉంది’ అని రాసినంత మాత్రాన ఓపెన్ అనుకోకూడదు. పైన చర్మం తెగి ఉండొచ్చు, గాయం ఎముక దాకా వెళ్లకపోవచ్చు. ‘కాంపౌండ్’ అని రాస్తే మాత్రం ఓపెనే. ఓపెనో క్లోజ్డో ఎక్కడా తెలియకపోతే క్లోజ్డ్‌గా, స్థానం తప్పిందో లేదో రాయకపోతే తప్పినట్టుగా తీసుకోవాలని గైడ్‌లైన్.

మీరు చేస్తున్నది ఈడీ (ఎమర్జెన్సీ డిపార్ట్‌మెంట్) డాక్టర్ ఫీజు కోడింగ్ కాబట్టి ఆ డాక్టర్ ‘ఓపెన్’ అని మాత్రమే రాసిన మీ చార్టుకి బి సరైనది. అదే పేషెంట్‌ని ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లాక ఆర్థో సర్జన్ 3ఏ అని రాస్తే, ఇన్‌పేషెంట్ ఫెసిలిటీ (ఆసుపత్రి బిల్లు) వైపు కోడ్ చేసేవాళ్లు సి వేస్తారు. రెండూ సరైనవే. ఇక ‘ఏ’, ‘బి’, ‘సి’ మొదటి విజిట్‌కే అనుకునే అపోహ వదిలేయండి. చిన్న ఆసుపత్రి నుంచి ట్రామా సెంటర్‌కి పంపితే అక్కడ కూడా చికిత్స దశే, అదే అక్షరం. మానుతున్న దశలో క్లినిక్‌కి వచ్చినప్పుడు మారుతుంది. క్లోజ్డ్ మామూలుగా మానుతుంటే డి, ఓపెన్ 1, 2 అయితే ఈ, టైప్ 3 అయితే ఎఫ్.

మూడో ఎర్రర్ లెక్క సంగతి. ఎడమ ముంజేతి మీద 3 సెంటీమీటర్లు, ఎడమ మోకాలి మీద 5 సెంటీమీటర్లు. మీరు 12002 అనే కుట్ల కోడ్ రెండు సార్లు వేశారు. చేతులు, కాళ్లు ఒకే గ్రూపులోవి, కుట్లు ఒకే తరగతివి, కాబట్టి పొడవులు కలపాలి. మొత్తం 8. అంటే 7.6 నుంచి 12.5 మధ్య, సింపుల్ (పైపొర మాత్రమే కుట్టినది) అయితే 12004 ఒక్కసారి. ముఖం మీద ఇంకో గాయం ఉంటే అది వేరే గ్రూపు, దీనితో కలపకూడదు.

అయితే నాకు మీ ఆడిటర్ జవాబు (సింపుల్ అన్నది) మీదా ఒక సందేహం ఉంది. మీరు పంపిన ప్రొసీజర్ నోట్‌లో ఒక వాక్యం ఉంది: మోకాలి గాయంలో, ముంజేతి గాయంలో కూడా కంకర కూరుకుపోయిందని, బ్రష్‌తో రుద్ది, ఫోర్సెప్స్‌తో ఒక్కో రాయీ తీసి, చాలాసేపు కడిగాక కుట్టామని. బాగా మురికి పట్టిన గాయాన్ని విస్తృతంగా శుభ్రం చేయాల్సి వచ్చినా, లోపలి కణాలు తీయాల్సి వచ్చినా, ఒకే పొరగా కుట్టినా సరే అది ఇంటర్మీడియట్ రిపేర్ కింద వస్తుందని సీపీటీలోనే (చికిత్సల కోడ్ల పుస్తకంలోనే) ఉంది. అప్పుడు 12034 అవుతుంది. బండి మీద నుంచి పడ్డవాళ్లలో ఇది తరచూ వస్తుంది, తరచూ జారిపోతుంది. మీరు ఆ వాక్యం చూపించి రీబటల్ (ఆడిట్ ఫలితం మీద అభ్యంతరం) పెట్టండి, భయపడకండి. ‘సెలైన్‌తో కడిగాము’ అని మాత్రమే ఉంటే ఆ వాదన నిలవదు, అది అందరికీ చేసేదే. అన్నట్టు, కుట్లతో పాటు విజిట్ లెవెల్ కూడా బిల్లు చేస్తున్నప్పుడు 25 మాడిఫైయర్ (ఆ విజిట్ కుట్లకు వేరైన పని అని చెప్పే గుర్తు) మర్చిపోకండి.

గీరుకుపోయిన గాయాల సంగతి అడిగారు. ‘రోడ్ ర్యాష్’ అంటే దద్దుర్లు కాదు, తారు రోడ్డు మీద చర్మం గీరుకుపోవడం, అబ్రేషన్‌గా కోడ్ చేయాలి. విరిగిన కుడి కాలి మీదే, అదే చోట ఉన్న గీతలు విడిగా వేయం, పెద్ద గాయం కింద అవి కలిసిపోతాయి. ఎడమ భుజం మీద ఉన్నవి వేస్తాం. డాక్టర్ ‘ఫ్రిక్షన్ బర్న్’ అని రాస్తే మాత్రం అది కాలిన గాయాల వరసకు వెళ్తుంది, డిగ్రీ, ఒంటి మీద ఎంత భాగం అన్నవి కావాలి. సైలెన్సర్‌కి పిక్క కాలడం కూడా అంతే.

తలకి దెబ్బ విషయంలో ఒకటే జాగ్రత్త. ‘హెడ్ ఇంజ్యురీ, సీటీ నార్మల్’ అంటే కన్‌కషన్ (దెబ్బకు మెదడు అదరడం) కాదు. డాక్టర్ కన్‌కషన్ అని రాస్తేనే ఎస్06.0, లేకపోతే ఎస్09.90ఎక్స్‌ఏ. కన్‌కషన్ అయితే స్పృహ తప్పాడా, ఎంతసేపు అన్నది చూడాలి. తప్పలేదంటే ఎస్06.0ఎక్స్‌0ఏ, అరగంట లోపైతే ఎస్06.0ఎక్స్‌1ఏ, తప్పాడు కానీ ఎంతసేపో తెలియకపోతే ఎస్06.0ఎక్స్‌9ఏ, అసలు తప్పాడో లేదో తెలియకపోతే ఎస్06.0ఎక్స్‌ఏఏ. గ్లాస్గో స్కోర్ (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె) అంబులెన్స్ వాళ్లు రాసినది తీసుకోవచ్చు, దానికి గైడ్‌లైన్ అనుమతి ఉంది. రక్తంలో ఆల్కహాల్ అంకె కూడా అంతే, కానీ దానికి సంబంధించిన డయాగ్నోసిస్ డాక్టర్ రాసి ఉండాలి. ల్యాబ్ రిపోర్టులో అంకె ఒక్కటే చూసి వై90 (రక్తంలో ఆల్కహాల్ స్థాయి కోడ్) వేస్తే ఆ మనిషిని మనమే తాగి నడిపినవాడిగా చేసినట్టు. ఇన్సూరెన్స్ వాళ్లు అది చదువుతారు. హెల్మెట్‌కి ఐసీడీలో విడిగా కోడ్ లేదు, అది ట్రామా రిజిస్ట్రీలో నమోదవుతుంది.

చివరగా క్వెరీ, అంటే స్పష్టత కోసం డాక్టర్‌ని రాసి అడగడం. ప్రొడక్షన్ టార్గెట్ ఉంది, క్వెరీ పెడితే చార్టు హోల్డ్‌లో పడి కౌంట్ తగ్గుతుంది, టీఎల్ (టీమ్ లీడర్) ఒప్పుకోరు అన్నారు. నిజమే, ఆ ఒత్తిడి నాకు తెలుసు. అయినా కుడి, ఎడమ పొంతన కుదరనప్పుడు, అంటే ఎక్స్‌రే రిపోర్టులో ఎడమ, డాక్టర్ నోట్‌లో కుడి అని ఉన్నప్పుడు, క్వెరీ లేకుండా వదలకండి. అడిగే తీరు మాత్రం సరిగ్గా ఉండాలి. ‘ఇది ఓపెన్ ఫ్రాక్చర్ అని నిర్ధారించగలరా?’ అని రాయకూడదు, అది జవాబు మనమే నోట్లో పెట్టడం. మీ చార్టులాంటిదే వచ్చి, ఓపెనో క్లోజ్డో డాక్టర్ రాయకపోతే నేనైతే ఇలా రాస్తాను: ‘పరీక్షలో కుడి కాలి ఫ్రాక్చర్ ప్రాంతంలో 4 సెంటీమీటర్ల గాయం ఉన్నట్టు నమోదైంది. ఎక్స్‌రేలో టిబియా షాఫ్ట్ ఫ్రాక్చర్ ఉంది. దయచేసి ఈ ఫ్రాక్చర్‌ని స్పష్టం చేయండి: ఓపెన్ (టైప్ తెలిస్తే టైప్); క్లోజ్డ్, గాయం ఫ్రాక్చర్‌తో సంబంధం లేనిది; ఇతరం; నిర్ణయించలేము.’ చార్టులో ఉన్న ఆధారాలు ముందు, అన్ని అవకాశాలు తర్వాత. మీ డ్రాఫ్ట్‌లో పేషెంట్ వివరాలు తీసేసి పంపండి, పెట్టే ముందు ఒకసారి చూస్తాను. కంకర వాక్యం మీద రీబటల్‌కి మాత్రం ఆగకండి, ఆడిట్ గడువు దాటితే ఆ పాయింట్ తిరిగి రాదు.